తోమిన సింబల్

సింబల్‌ని తోమింది అత్తగారు. తోమమని ఎవరూ అడగలేదు. కొడుకు ఫ్లాటుకి రంగులు వేయిస్తుంటే కూతురింటికి వచ్చింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. మొదట వంటింటి అలమరలు కడిగింది, తర్వాత కిటికీ అద్దాలు తుడిచింది, ఆ తర్వాత హాలు పక్కనున్న గది తలుపు తీసింది. లోపల డ్రమ్ముల సెట్టు ఉంది. దానికి కుడివైపు స్టాండు మీద భోజనం పళ్లేనికి రెండింతలున్న లోహపు బిళ్ల ఒకటి ఉంది. నల్లబడింది. అంచుల్లో చిలుము పట్టింది. ఆమె దాన్ని విప్పి పెరట్లోకి తీసుకెళ్లి, పాలిష్ పేస్టు డబ్బా సగం ఖాళీ చేసింది. సాయంత్రానికి అందులో మొహం కనపడింది.

అల్లుడు కాలేజీ నుంచి వచ్చేసరికి సింబల్ సోఫా మీద, తువ్వాలు పరిచి, దాని మీద పెట్టి ఉంది.

“చూశారా అల్లుడుగారూ, ఇన్నేళ్లూ ఇంత మంచి ఇత్తడి వస్తువుని మసిపట్టించి పెట్టుకున్నారు.”

“అత్తయ్యగారూ,” అన్నాడు అతను. “ఇది ఇత్తడి కాదు. కంచు.”

“కంచైతే ఇంకా మంచిదేగా. ఇంకా మెరుస్తుంది.”

“ఇది మెరవడానికి కాదండీ.”

“మరి దేనికి? అన్నం తినడానికా?”

అతను జాజ్ డ్రమ్మరు. టైర్ల కొట్టు యజమాని కొడుకు. అగ్నిమాపక దళం బ్యాండులో పెద్ద డ్రమ్ము మోస్తూ మొదలుపెట్టి, అక్కణ్ణించి ప్రయాణికుల ఓడలో వాయించే బ్యాండులో చేరాడు. ఓడలో అతనికంటే ముందు డ్రమ్ముల దగ్గర కూర్చున్న పెద్దాయన ఉద్యోగం మానేసి దిగిపోతూ తన రెండు సింబల్స్ అతనికి ఇచ్చి వెళ్లాడు. రెండూ ఒకే కొలిమిలో, ఒకే మనిషి సుత్తి కింద తయారైనవి. ఓడ తర్వాత రేడియో స్టేషన్ ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా ఎత్తేశాక సంగీత కళాశాలలో తాళవాద్యాల మాస్టారు. రెండు సింబల్స్‌లో ఒకటి శిష్యురాలికి ఇచ్చాడు, ఆమె అదే కాలేజీలో ఉద్యోగంలో చేరిన రోజున. రెండోది ఇది.

జాజ్ బ్యాండులో పాటను నడిపేది డ్రమ్ములని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి నడిపేది కుడిచేతి పక్కనుండే సింబల్. కర్ర మొనతో దాని మీద ఆపకుండా కొడుతూ ఉంటే, ఆ చప్పుడు వెనకాల మోత పరుచుకుంటుంది. మిగతావాళ్లు దాని మీద నడుస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ చెమటా, దుమ్మూ, హోటళ్ల పొగా పట్టి ఆ మోత మెత్తబడుతుంది. అందుకే పాత సింబల్‌ని డ్రమ్మర్లు తోమరు, ఇంకొకర్ని తోమనివ్వరు.

అతను సింబల్‌ని గదిలోకి తీసుకెళ్లి స్టాండుకి బిగించాడు. కర్రతో కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టి మళ్లీ కొట్టాడు. కర్ర తగిలిన చప్పుడు వచ్చింది. దాని వెనకాల రావలసింది రాలేదు.

భార్య అప్పుడే ఆస్పత్రి మందుల కౌంటర్ డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“ఏమైంది?”

“మీ అమ్మ చంపేసింది.”

“ఎవర్ని?”

అతను చూపించాడు. ఆమె సింబల్‌నీ, తల్లినీ, మొగుణ్ణీ వరసగా చూసి కుర్చీలో కూలబడింది. “శుభ్రంగానే ఉంది కదండీ.”

“అదే నేనూ చెబుతున్నా. శుభ్రంగా చంపేసింది.”

“ఆ మాటలేంటి? అభిమానంతో చేసింది పాపం.”

“ఆ అభిమానం కిటికీల మీద చూపించమను. రికార్డింగుకి ఇంకా ఎన్నాళ్లో లేదు. దీన్ని పట్టుకుని నేనెలా వెళ్లను?”

ఆ రికార్డింగు కోసం వాళ్లు సగం జీవితం ఎదురుచూశారు. వాళ్లంటే ముగ్గురు. పియానో ఆవిడ, డ్రమ్మరు, డబుల్ బేస్ అనే నిలువెత్తు తీగవాద్యం వాయించే అతని బావమరిది. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో వారం వారం వాయిస్తారు. ఇన్నేళ్లలో వాళ్ల పేరు మీద రికార్డు ఒక్కటీ లేదు. ఇప్పుడొక చిన్న కంపెనీ ఒప్పుకుంది. స్టూడియో ఖాయమైంది. ఇది తప్పిపోతే ఇంకోటి వస్తుందని ముగ్గురిలో ఎవరూ అనుకోవడం లేదు. డ్రమ్మరు అసలే అనుకోవడం లేదు. వచ్చే ఏడాది అతనికి రిటైర్మెంటు.

“అత్తయ్యగారూ,” అన్నాడతను గది గుమ్మంలో నిలబడి, “దయచేసి ఈ ఇంట్లో మీరు ఇంకేదీ ముట్టుకోకండి.”

అత్తగారు తువ్వాలు మడతపెట్టింది. తన సంచీ తెచ్చుకుంది. “నా కొడుకింట్లో రంగు వాసనే కదా. మాటల కంటే నయం,” అంది. కూతురు ఎంత బతిమాలినా ఆగలేదు.

*

రిహార్సల్ డాన్సు స్కూలు హాల్లో జరిగేది. పొద్దున పూట అక్కడ పిల్లలుండరు. గోడలన్నీ అద్దాలు. ఎటు చూసినా బావమరిది మొహమే, మాడిపోయి ఉంది.

మొదటి పాట సగంలో పియానో ఆవిడ చేతులెత్తేసింది. ముగ్గురిలో వయసులో చిన్నది ఆమే, బ్యాండుకి పెద్ద కూడా ఆమే.

“మాస్టారూ, నా ఎడమచెయ్యి నాకే వినపడట్లేదు.”

“సింబల్ చచ్చింది మేడమ్. గట్టిగా కొడితే గాని పలకడం లేదు.”

“చచ్చిందా?” అన్నాడు బావమరిది. “చచ్చింది ఇంత గోల పెడుతుందా? నా చెవులకి చిల్లులు పడుతున్నాయి బావా.”

“నువ్వు మాట్లాడకు. ఇది మీ అమ్మ చేసిన పని.”

“మా అమ్మ రంగు డబ్బాల మధ్య పడుకుని దగ్గుతోంది. ఎందుకయ్యా అంటే ఒక పళ్లెం కోసం.”

“పళ్లెం అనకు.”

“పళ్లెం. పళ్లెం. పళ్లెం.”

“ఒరేయ్—”

“ఆగండి ఇద్దరూ,” అంది పియానో ఆవిడ. “మాస్టారూ, నేను ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఇది ఇవాళ మొదలైంది కాదు. కొన్ని నెలలుగా మీరు గట్టిగానే కొడుతున్నారు. హోటల్లో గ్లాసుల గలగలలో కలిసిపోతోందని ఊరుకున్నాను. స్టూడియోలో గ్లాసులుండవు.”

“నెలలుగానా? మొన్నటిదాకా సింబల్ బంగారంలా ఉంది.”

“సింబల్ సంగతి నేను అనట్లేదు.”

“నేను సింబల్ సంగతే అంటున్నాను.”

ఆమె పియానో మూత వేసింది. “శుక్రవారానికి ఇది తేలాలి. తేలకపోతే మీ శిష్యురాలిని అడుగుతాను. నన్ను తిట్టుకున్నా సరే. మనకి రెండో అవకాశం లేదు.”

అతను బావమరిది వైపు చూశాడు. బావమరిది బేస్ తీగలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి అప్పుడు మూసుకోవడం అతనికి ఒళ్లు మండించింది.

*

పాత సింబల్ మళ్లీ పాతబడాలంటే డ్రమ్మర్లలో ఒక పద్ధతి ఉంది. మట్టిలో పాతిపెట్టడం. కొందరు ఉప్పునీళ్లు కూడా పోస్తారు. పని చేస్తుందని రుజువు లేదు. చేయదనీ ఎవరూ చెప్పరు. భార్య పెరట్లోకి వచ్చేసరికి అతను మోకాళ్ల మీద కూర్చుని పారతో తవ్వుతున్నాడు.

“ఏం చేస్తున్నారు?”

“పాతిపెడుతున్నాను.”

“దేన్ని?”

“సింబల్‌ని.”

“నిన్న చచ్చిందన్నారు. ఇవాళ పూడ్చడమా? నలుగురినీ పిలవాల్సింది.”

“నవ్వకు. మట్టిలో ఉంటే తొందరగా చిలుము పడుతుంది. ఓడలో అందరూ ఇలాగే చేసేవాళ్లు.”

“ఓడలో మట్టెక్కడిదండీ?”

అతను పార ఆపి ఆమెను చూశాడు. “రేవులో దిగినప్పుడు.”

“దిగినప్పుడు. సరే. ఇంత పెరడు ఉండగా నా టమాటా మొక్కల కిందే దొరికిందా మీకు చోటు?”

“అక్కడ మట్టి తడిగా ఉంది.”

“తడిగా ఎందుకుంది? నేను రోజూ నీళ్లు పోస్తున్నాను గనక. ఆ బకెట్‌లో ఏంటి? ఉప్పా? నా మొక్కలు చచ్చిపోతాయి కదండీ!”

“మొక్కలు మళ్లీ వస్తాయి.”

ఆమె బకెట్ లాక్కుని లోపలికి తీసుకెళ్లిపోయింది. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, “మా తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ రాత్రంతా దగ్గిందట. మీరు ఒక్క మాట చెబితే వస్తుంది. ఒక్క మాట. ఆ పళ్లేనికి చూపించే జాలిలో సగం చాలు,” అంది.

“పళ్లెం అనొద్దని మీ వంశం అంతటికీ చెప్పాలా?”

గురువారం పొద్దున తవ్వి తీశాడు. సింబల్ మీద అక్కడక్కడా మచ్చలు పడ్డాయి, మిగతాదంతా మెరుస్తూనే ఉంది. కడిగి కొట్టి చూశాడు. కర్ర చప్పుడు తప్ప ఏమీ లేదు. టమాటా మొక్కల్లో సగం వాలిపోయి ఉన్నాయి.

*

కాలేజీలో అతని గది నేలమాళిగలో, బాయిలర్ పక్కన. చలికాలంలో కూడా చెమట పడుతుంది. పక్క గది శిష్యురాలిది. ఆమె తలుపు తెరిచే ఉంది.

“అమ్మాయ్, నీ సింబల్ తీసుకుని ఒకసారి నా క్లాసుకి రా.”

“నాదెందుకు మాస్టారూ?”

“తోమితే సింబల్ ఎలా పాడవుతుందో పిల్లలకి చూపించాలి. మా పియానో ఆవిడకి కూడా చెప్పాలి, సాక్ష్యంతో సహా.”

శిష్యురాలు లేవలేదు. “తోమితే చావదు కదా. మురికి పోతే మోత పెరుగుతుంది గాని తగ్గదని మీరే చెప్పేవారు. నా నోట్సులో కూడా ఉంది.”

“చెప్పాను. ఇది వేరు.”

“కంచు వేరా?”

“తోమిన చెయ్యి వేరు. మా అత్తగారు.”

ఆమె నవ్వి, సింబల్ తీసుకుని వెంట వచ్చింది.

మొదటి సంవత్సరం విద్యార్థులకి అతను ఏళ్లుగా చేయించే అభ్యాసం ఒకటుంది. అందరూ గోడకి మొహం పెట్టి నిలబడాలి. వెనక ఒకరు ఏదో ఒకటి కొడతారు. కొట్టింది ఏది, ఎక్కడ కొట్టారు, కర్రతోనా తీగల బ్రష్‌తోనా, అన్నీ చెవితోనే చెప్పాలి. ఇందులో ఒక నియమం ఉంది. మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ వెనక్కి తిరగకూడదు. తిరిగితే తిట్లే. మోత తోక దాకా వినని వాడు డ్రమ్ములు మానేసి తలుపులు కొట్టుకోవచ్చు అంటాడు.

ఆ రోజు అతను కూడా విద్యార్థులతో పాటు గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు. రెండు సింబల్స్ స్టాండ్ల మీద ఉన్నాయి. ఏది ముందు కొట్టాలో శిష్యురాలి ఇష్టం.

ఆమె ఒకటి కొట్టింది. కర్ర చప్పుడు వచ్చింది. అతను తలూపాడు. ఇది తోమింది.

ఆమె చేత్తో దాన్ని ఆపి, రెండోది కొట్టింది. కర్ర చప్పుడు వచ్చింది. అంతే.

“అమ్మాయ్, దాన్నే రెండుసార్లు కొడితే ఎలా?” అంటూ అతను వెనక్కి తిరిగాడు.

శిష్యురాలు తన సింబల్ పక్కన నిలబడి ఉంది. పాలిష్ తెలియని, నల్లటి సింబల్. అంచు ఇంకా ఊగుతోంది. అతను పక్కకి చూశాడు. విద్యార్థులందరూ గోడకే మొహం పెట్టి ఉన్నారు. ఒక్కరు కూడా కదల్లేదు. ఒకమ్మాయి తల కొంచెం పక్కకి వంచింది. వాళ్లు ఇంకా వింటున్నారు.

అతనికి బాయిలర్ చప్పుడు వినపడింది.

శిష్యురాలు అతన్నే చూస్తూ చెయ్యి చాచి సింబల్ అంచు పట్టుకుంది. అప్పుడు విద్యార్థులు తిరిగారు.

“మొదటిది తోమింది మాస్టారూ,” అన్నాడు ఒకడు. “చెవిలో గుచ్చుకుంది. రెండోది మెత్తగా ఉంది. చాలాసేపు మోగింది.” మిగతావాళ్లు అవునన్నారు. ఎవరికీ అనుమానం లేదు.

“సరే,” అన్నాడతను. “ఇవాల్టికి చాలు. వెళ్లండి.”

వాళ్లు వెళ్లాక శిష్యురాలు తలుపు వేసింది.

“ఏంటలా చూస్తావు?”

“మీరు ముందే తిరిగారు మాస్టారూ.”

“చూశాను.”

“ఎన్నాళ్ల నుంచి?”

“నాకేం తెలుసు? వినపడనిది వినపడట్లేదని ఎలా తెలుస్తుంది? నువ్వు చెప్పు.” అతను కర్రలు పెట్టెలోకి విసిరాడు. “పియానో ఆవిడ నీకు ఫోన్ చేసిందా?”

“చేశారు. మీరు రాలేకపోతేనే వస్తానన్నాను.”

“మంచిదే కదా నీకు.”

“ఏం మంచి? మీ బావమరిది పక్కన కూర్చుని వాయించే ఓపిక నాకుందా? ఆయన పాట మధ్యలో కూడా మాట్లాడతారు.” ఆమె నల్లటి సింబల్‌ని సంచీలో పెట్టి జిప్పు లాగింది. “ముందు చెవుల డాక్టర్‌కి చూపించుకోండి. తర్వాత తిట్టొచ్చు నన్ను.”

*

చెవుల డాక్టరు అతన్ని ఒక గాజుపెట్టె లాంటి గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. అతను నొక్కాడు. తర్వాత చాలాసేపు నొక్కే పని పడలేదు. మెషిన్ పాడైందేమోనని గాజులోంచి సైగ చేశాడు. డాక్టరు తల అడ్డంగా ఊపింది.

కాగితం మీద గీత ఎడమవైపు బాగానే నడిచి, కుడివైపు వచ్చేసరికి కిందికి పడిపోయింది.

“కింది స్వరాలు మీకు బాగా వినపడతాయి. మాటలు వినపడతాయి. పైవి పోయాయి. ఇది కొన్నేళ్లుగా జరుగుతున్నది.”

“కొన్నేళ్లుగానా? పోయిన వారం దాకా నాకు సింబల్ వినపడిందండీ.”

“మీ చేతికి తెలుసు అది ఎలా మోగుతుందో. చెయ్యి కొట్టగానే మిగతాది మీ మెదడు నింపుకుంటోంది. ఈ మధ్య ఏమైనా మారిందా? కొత్తది కొన్నారా?”

“మా అత్తగారు తోమింది.”

డాక్టరు రాయడం ఆపింది. “అయితే మొదటిసారి అనుమానంతో విని ఉంటారు,” అంది.

పోయింది తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలని, వాయించేటప్పుడు చెవుల్లో బిరడాలు పెట్టుకోమని చెప్పింది. బిరడాలు పెట్టుకోమని అతను ప్రతి ఏడాదీ విద్యార్థులకి చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతాడు. అతను ఎప్పుడూ పెట్టుకోలేదు. ఈ సంగతి డాక్టరుకి చెప్పలేదు.

*

బావమరిది ఫ్లాటులో నేలంతా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. అత్తగారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అల్లుణ్ణి చూసి లేవలేదు.

“రండి అల్లుడుగారూ. జాగ్రత్త, గోడకి ఆనుకోకండి. ఏమీ ముట్టుకోకండి కూడా.”

అతను నిలబడే ఉన్నాడు. “అత్తయ్యగారూ, ఆ రోజు అన్న మాట తప్పు. మన్నించండి.”

“మీ వస్తువు బాగుపడిందా?”

“దానికేమీ కాలేదండీ. బాగానే మోగుతోందట. నాకే వినపడట్లేదు. చెవులు పోయాయి.”

లోపలి గదిలో బావమరిది బేస్ సవరించుకుంటున్నాడు. ఆ చప్పుడు ఆగిపోయింది.

అత్తగారు కొంతసేపు అల్లుడి మొహం చూసింది. “అందుకా!” అంది చివరికి. “నేను మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో. ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేసి వెళ్లిపోతారు. అది పీక్ పీక్ మని అరుస్తూనే ఉంటుంది. పక్కనే నిలబడి నీళ్లు తాగుతుంటారు. ఈ మనిషికి ఎంత పొగరు, తలుపు వేయడానికి కూడా ఇంకొకరు రావాలా అనుకునేదాన్ని.”

“ఫ్రిజ్ అరుస్తుందా?”

“అరవడమా? ఏడుస్తుంది. మా అమ్మాయి కూడా వేసి వేసి విసిగిపోయింది.”

“నాకెవరూ చెప్పలేదే.”

“ఫ్రిజ్ అరుస్తోందని మొగుడికి చెప్పాలని ఎవరికి తడుతుందండీ?”

బావమరిది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో తీగలు తుడిచే గుడ్డ ఉంది.

“రికార్డింగుకి వస్తావా, రావా?” అన్నాడు.

“రమ్మంటే వస్తాను.”

“నన్నడిగితే ఏం లాభం? ఆవిడకి ఫోన్ చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు. నాకు చెప్పినట్టు సింబల్ చచ్చిందని చెప్పకు.”

పియానో ఆవిడ ఫోన్లో అంతా విని, “మొదటి పాట మీరే వాయించండి మాస్టారూ. అది కుదిరితే అన్నీ మీరే. కుదరకపోతే మీ శిష్యురాలు బయట కూర్చుని ఉంటుంది. నేను ఆమెకి చెప్పేశాను. ఇంతకంటే నేనేమీ చేయలేను,” అంది.

అతను తిట్టడానికి ఏమీ దొరక్క “సరే” అన్నాడు.

అత్తగారు అతని కారులోనే కూతురింటికి తిరిగి వచ్చింది. దారిలో దగ్గుతూనే, టమాటా మొక్కల గురించి అడిగింది. కూతురు అన్నీ చెప్పేసినట్టుంది.

*

స్టూడియో ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్. గోడలకి మందపాటి దుప్పట్లు తగిలించారు. శిష్యురాలు ముందే వచ్చి తన నల్లటి సింబల్‌ని అతని స్టాండుకి బిగించింది.

“నాకు రెండూ ఒకటే,” అన్నాడతను.

“మిగతావాళ్లకి కాదు,” అని ఆమె బయట బెంచీ మీదికి వెళ్లి కూర్చుంది.

అతను చెవుల్లో బిరడాలు పెట్టుకుని కూర్చున్నాడు. వినలేనప్పుడు కొలవడమొక్కటే దారి. కర్ర మొన సింబల్ నుంచి ఎంత లేవాలో చేతికి నేర్పుతూ రెండు రోజులు ఇంట్లో గడిపాడు. పాట మొదలైంది. బేస్ వినపడింది. పియానోలో ఎడమచెయ్యి బాగా వినపడింది, కుడిచెయ్యి పైకి వెళ్లిన చోట పలచబడింది. సింబల్ దగ్గర కర్ర తగులుతున్నట్టు చేతికి తెలిసింది. పాట చివరికి చెయ్యి వేడెక్కింది. వేడెక్కిన చెయ్యి కొలతల్ని లెక్కచేయదు.

అద్దం అవతలి గదిలో, రికార్డింగ్ చేసే ఆయనతో కలిపి నలుగురూ కూర్చుని విన్నారు. రేడియో రోజుల నుంచీ ఏ రికార్డింగ్ ఉంచాలి, ఏది చెరిపేయాలి అని తేల్చేది డ్రమ్మరే. బావమరిది ఏదైనా అంటే, “నీ చెవులు బేస్ పెట్టెలో మర్చిపోయి వచ్చావురా,” అని కొట్టిపారేసేవాడు. పాట అయిపోయాక అలవాటు కొద్దీ అందరూ అతని వైపే తిరిగారు.

అతనికి వినపడింది బేసూ, కాలితో కొట్టే పెద్ద డ్రమ్మూ, సగం పియానో.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బాగుంది మాస్టారూ,” అంది పియానో ఆవిడ. తొందరగా అంది.

“చాలా బాగుంది సార్,” అన్నాడు రికార్డింగ్ చేసే ఆయన, బొత్తాల మీంచి తల ఎత్తకుండా.

డ్రమ్మరు బావమరిది వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు.”

“వాళ్లు చెప్పారుగా.”

“నిన్ను అడిగాను.”

బావమరిది కుర్చీలో కదిలాడు. పియానో ఆవిడ అతన్ని కళ్లతో వద్దంటోంది. అది డ్రమ్మరుకి కనపడింది.

“మొదట్లో బాగుంది బావా. నా సోలో దగ్గరికొచ్చేసరికి నన్ను మింగేశావు. చివర్లో అయితే వీధిలో ఎవరో డబ్బాలు బోర్లించినట్టుంది. బాగోలేదు.”

“డబ్బాలా?”

“పళ్లెం అనొద్దన్నావుగా.”

“మీ ఇంట్లో అందరికీ నా సింబల్ మీద ఏంటిరా పగ?”

“అడిగావు. చెప్పాను. నచ్చకపోతే అడక్కు.”

పియానో ఆవిడ కళ్లు మూసుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న శిష్యురాలు తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది.

డ్రమ్మరు లేచాడు. బావమరిదిని ఒక చూపు చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఆ మనిషి చెప్పిన ఏ మాటనీ అతను నిజమని ఒప్పుకోలేదు, ఒప్పుకున్నా పైకి అనలేదు.

“ఎంత తగ్గించాలి?”

“సగం.”

“సగం తగ్గిస్తే చెయ్యి కదలదు.”

“కదపకు. ఎవడు కదపమన్నాడు?”

“మేడమ్, ఇంకోసారి చేద్దాం,” అన్నాడు డ్రమ్మరు.

రెండోసారి బావమరిది “ఇంకా ఎక్కువే” అన్నాడు. మూడోసారి “ఇప్పుడు మరీ తగ్గించావు, నిద్రపోతున్నావా” అన్నాడు. ప్రతిసారీ డ్రమ్మరు తిట్టాడు. ప్రతిసారీ వెళ్లి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. నాలుగోసారి పాట విన్నాక బావమరిది లేచి, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు.

“చెప్పి ఏడువు,” అన్నాడు డ్రమ్మరు.

“ఇది ఉంచండి,” అన్నాడు బావమరిది, రికార్డింగ్ ఆయనతో.

“నిజమేనా?”

“నీ దగ్గర నాకేం మొహమాటం బావా?”

డ్రమ్మరు పియానో ఆవిడను చూశాడు. ఆమె అప్పటికే తర్వాతి పాట కాగితాలు సర్దుకుంటోంది. బయట బెంచీ దగ్గర శిష్యురాలు సంచీ భుజాన తగిలించుకుని, అతనికి చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

“ఒక్క చుక్క నాకూ పొయ్యి,” అన్నాడతను. “ఇవాళంతా నీ మాట వినాలంటే నాకు టీ కావాలి.”